కుక్కపిల్ల కడుపు లెక్క

కుక్కపిల్ల కడుపు చెడటానికి కారణాలు చాలా ఉన్నాయి. ప్రాణం మీదికి వచ్చే దారి మాత్రం ఎక్కువగా ఒక్కటే: ఒంట్లో నీళ్లు పోవడం. కిలో బరువున్న పిల్ల ఒంట్లోంచి 100 మిల్లీలీటర్లు, అంటే ఒక చాయ్ గ్లాసెడు నీళ్లు పోయి తిరిగి చేరకపోతే, దాని బరువులో పదో వంతు పోయినట్టే. అప్పటికి కళ్లు గుంటలు పడతాయి. చిగుళ్లు తడారి వేలికి జిగటగా తగులుతాయి. మెడ వెనుక తోలును పైకి లాగి వదిలితే చప్పున దిగకుండా మడతలాగే నిలుస్తుంది. పెద్ద కుక్క ఒక పూట తిండి మాని, నీడన పడుకుని మర్నాటికి తేరుకునే జబ్బు రెండు నెలల పిల్లను ఒక్క రాత్రిలో తీసుకుపోతుంది. పిల్ల ఒంట్లో దాచుకున్న కొవ్వు తక్కువ, కాలేయంలో చక్కెర నిల్వ ఇంకా తక్కువ. అందుకే దాని విరేచనాలను గంటల లెక్కన చూడాలి.

ఆ లెక్క పెట్టే మనిషి ఎవరన్నదే పల్లెలో చిక్కు. జగిత్యాల జిల్లా పెగడపల్లిలోనైనా, చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా కుక్కపిల్లల్లో ఎక్కువ భాగం ఒక ఇంటివి కావు, వాడవి. పొద్దున ఒక ఇంటి సద్దన్నం, ఇంకో గడప ముందు గిన్నెడు పాలు, బడి నుంచి వచ్చిన పిల్లల చేతి బిస్కెట్లు, రాత్రి కోడికూర బొక్కలు. పెట్టిన ప్రతి చెయ్యీ ప్రేమతోనే పెడుతుంది. మొత్తం ఎంత తిన్నది, ఎన్నిసార్లు పారింది, ఆఖరిసారి ఎప్పుడు నీళ్లు తాగింది అన్నది ఏ ఒక్కరికీ తెలియదు. పశువుల డాక్టర్ మొట్టమొదట అడిగేది ఈ మూడే. కడుపు చెడిన పిల్లకు తొలి వైద్యం గోళీ కాదు, సూదీ కాదు. ఒక ఇల్లు ఆ పిల్లను తన లెక్కలోకి తీసుకోవడం.

ఐఐఎస్‌ఈఆర్ కోల్‌కతా పరిశోధకులు బెంగాల్‌లో 364 వీధి కుక్కపిల్లలను గమనించి 2016లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో ఈడు వచ్చేదాకా బతికినవి 19 శాతమే. చనిపోయిన వాటిలో సగానికి పైగా ఏదో ఒక రకంగా మనుషుల వల్లే చనిపోయాయి. ఊరకుక్కలు ఎక్కువగా వానాకాలం చివర జతకట్టి చలి మొదలయ్యే నెలల్లో ఈనుతాయి. ఉత్తర తెలంగాణలో మార్గశిర, పుష్య మాసాల రాత్రులు పసి కుక్కపిల్లలకు గట్టి పరీక్ష. పుట్టిన మొదటి వారాల్లో కుక్కపిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. తల్లి పొట్టే దానికి కుంపటి. తల్లి పోయిన పిల్లను తెచ్చుకున్నవాళ్లు జాలితో వెంటనే పాలు పడతారు. చల్లబడ్డ ఒంట్లో పేగు కదలదు, తాగిన పాలు అరగక కడుపులోనే నిలిచి ఉబ్బుతాయి. ముందు గోనెసంచీ, పాత చీర, గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసాతో పిల్లను మెల్లగా వెచ్చబెట్టాలి. ఒళ్లు వెచ్చబడ్డాకే పాలు. పట్టేటప్పుడు పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచి, తల కాస్త ఎత్తి పట్టాలి. మూడు వారాల లోపు పిల్ల తనంతట తాను మలమూత్రాలు విడవలేదు. తల్లి నాకి ఆ పని చేయిస్తుంది. తల్లి లేకపోతే తడిపిన వెచ్చని దూదితో తుడుస్తూ మనిషి చేయించాలి. ఇది తెలియక కడుపు బిగిసి పోయే పిల్లలున్నాయి.

పాల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. కుక్కపాలలో వెన్న సుమారు 9 శాతం, మాంసకృత్తులు 7 నుంచి 8 శాతం, పాలచక్కెర 3 నుంచి 4 శాతం ఉంటాయి. ఆవుపాలలో వెన్న 4 శాతం, మాంసకృత్తులు 3 శాతం పైచిలుకు, పాలచక్కెర దాదాపు 5 శాతం. బర్రెపాలలో వెన్న ఎక్కువే కానీ చక్కెర ఆవుపాలకు తీసిపోదు. అంటే పిల్లకు కావలసిన బలం వీటిలో తక్కువ ఉంటుంది, దాని పేగు మోయలేని చక్కెర మాత్రం ఎక్కువ ఉంటుంది. అరగని ఆ చక్కెర పెద్దపేగులోకి దిగి నీళ్లను తనవైపు లాగుతుంది, సూక్ష్మజీవుల చేత పులుస్తుంది. పసుపుపచ్చగా, నురగగా, పుల్లటి వాసనతో వచ్చే విరేచనం చాలాసార్లు దీనిదే. పిల్ల నీరసించిందని ఇంకో గిన్నె పాలు పెట్టడం, దాంతో ఇంకాస్త పారడం అనేది పల్లెల్లో మామూలుగా కనిపించే విషవలయం. పాలు ఆపిన రోజుకే చాలా పిల్లలు కుదుటపడతాయి. పాలను నీళ్లు కలిపి పలచన చేసినా లాభం లేదు. చక్కెరతో పాటు ఉన్న కాస్త బలమూ పోతుంది.

రెండో తప్పు తొందర. కళ్లు తెరిచి తప్పటడుగులు వేసే నెల పిల్ల ఎంతో ముద్దుగా ఉంటుంది, ఊళ్లోని చిన్నారులు అప్పుడే ఎత్తుకొస్తారు. ఆ వయసుకు తల్లిపాలు ఇంకా మానలేదు. ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గర ఉండనిస్తే పాలు మానడం, తిండి నేర్వడం రెండూ మెల్లగా జరుగుతాయి. కొత్త ఇంటికి వచ్చాక కూడా పాత తిండిలో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం రోజుల్లో మార్చుకోవాలి.

పొట్ట కుండలా ఉబ్బి, వెన్నుపూసలు లెక్కపెట్టేలా కనిపించే పిల్లను చూసి బాగా తిన్నదనుకుంటారు. అది తిండి కాదు, ఏలికపాములు. కుక్కల్లో ఈ పురుగు పిల్ల పుట్టకముందే దానిలో చేరుతుంది. తల్లి కండరాల్లో నిద్రాణంగా ఉన్న పిల్లపురుగులు చూలు చివరి మూడు వారాల్లో మేల్కొని మాయ గుండా గర్భంలోని పిల్లల్లోకి పోతాయి. పిల్లకు మూడు నాలుగు వారాలు వచ్చేసరికి అవి పేగులో పెరిగి గుడ్లు పెడతాయి. ఉడికిన సేమియా పోగుల్లాంటి తెల్లని పురుగులు వాంతిలోనో విరేచనంలోనో కనిపిస్తే అవే. కొంకిపురుగులు తల్లిపాలతో వస్తాయి. అవి పేగు గోడను కరిచి రక్తం పీలుస్తాయి. వాటి వల్ల మలం తారులా నల్లబడుతుంది, చిగుళ్లు సున్నంలా తెల్లబడతాయి. మలద్వారం దగ్గర దోసగింజల్లాంటి ముక్కలు కదిలితే అది బద్దెపురుగు. ఒంటిమీద గెంతే పురుగులను కొరికి మింగడం వల్ల వస్తుంది. పురుగుల మందు రెండో వారంలో మొదలుపెట్టి ఎనిమిదో వారం దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరో నెల దాకా నెలకోసారి ఇవ్వాలి. అదే రోజుల్లో తల్లికీ ఇవ్వాలి. పైరాంటెల్ లాంటి మందు చవకైనదే, బరువును బట్టి ఇస్తే పసిపిల్లకూ భయం లేదు. ఇంట్లో మిగిలిన గొర్రెల నట్టల మందును, బర్రెకు వేసే సూదిమందును అందాజుగా ఇవ్వడం మాత్రం ప్రమాదం. నాలుగు వందల కిలోల పశువు మోతాదులో చుక్కంత తేడా రెండు కిలోల పిల్లకు విషమవుతుంది.

పిల్ల నోటితోనే లోకాన్ని తెలుసుకుంటుంది. ఆ నోటికి ఏం అందుతుందన్నది ఊరి పనిపాటలను బట్టి ఉంటుంది. ఈ ప్రాంతంలో ఆ పనులు మూడు నాలుగు రకాలు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇంటింటా ఆడవాళ్లు బీడీలు చుడతారు. చాటలో తునికాకు, తంబాకు, దారం ఉంటాయి. తంబాకులోని నికోటిన్ పిల్లను పావుగంటలోనే పట్టుకోగలదు. చొంగ కారడం, వాంతి, ఒళ్లు వణకడం, గుండె దడదడలాడటం దాని గుర్తులు. పని అయ్యాక చాట చూరు కింద ఎత్తులో పెట్టే ఇంట్లో ఈ ప్రమాదం ఉండదు.

దారం ఇంకా మోసకారి. సిరిసిల్ల మరమగ్గాల నూలు పోగైనా, బీడీ కట్టే దారమైనా పిల్ల మింగితే ఒక కొస నాలుక అడుగునో, కడుపులోనో చిక్కుకుంటుంది. రెండో కొసను పేగు ముందుకు లాగుతూ ఉంటుంది. లంగా బొందు లాగితే నేఫా కుచ్చులు పడినట్టు పేగంతా దారం మీదికి కుచ్చులు పడుతుంది. దారం పేగు గోడను కోస్తుంది. నోట్లోనో మలద్వారం దగ్గరో పోగు కనిపిస్తే లాగాలనిపిస్తుంది. లాగితే పేగు తెగుతుంది. కనిపించిన దారాన్ని అలాగే వదిలి దవాఖానకు తీసుకుపోవాలి.

ఎండాకాలం జగిత్యాల మామిడికి పేరు. చీకి పారేసిన టెంక పిల్లకు తియ్యటి ఆటవస్తువు. చిన్న పిల్ల దాన్ని కొరికి ముక్కలు మింగుతుంది, కాస్త పెద్దది ఏకంగా గుటకేస్తుంది. కడుపు దాటిన టెంక సన్నపేగులో ఇరుక్కుంటుంది. మక్క కంకి గింజలు ఒలిచాక మిగిలే బెండు కూడా అంతే. ఆ రెండూ పేగులో కరగవు. తిన్నదల్లా కక్కుతూ, మలం రాకుండా, పొట్ట ముట్టుకుంటే మూలిగే పిల్లకు ఇలాంటి అడ్డం ఉందేమోనని మొదట అనుమానించాలి. దీనికి చాలాసార్లు ఆపరేషనే దారి. దసరా మటన్, ఆదివారం కోడి తర్వాత ఉడికిన బొక్కలు వస్తాయి. అవి పెళుసుగా చీలి పేగును గుచ్చుతాయి. కూరలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఎక్కువైతే కుక్క ఎర్ర రక్తకణాలను అవి విరిచేస్తాయని కూడా గుర్తుంచుకోవాలి.

వరి నాట్ల రోజుల్లో గుళికల మందు సంచి కొట్టంలో తెరిచి ఉంటుంది. దాన్ని నాకిన పిల్లకు నోటివెంట చొంగ, కళ్లవెంట నీళ్లు, ఆగని విరేచనం, వణుకు అన్నీ ఒక్కసారే మొదలవుతాయి. దీనికి విరుగుడు సూది ఉంది, కానీ అది డాక్టర్ చేతిలో ఉంటుంది. పిల్లతో పాటు ఆ మందు సంచినీ తీసుకుపోతే సగం పని అయినట్టే, పేరు చూడగానే చికిత్స మొదలవుతుంది.

వీటన్నిటికంటే ఎక్కువ పిల్లలను తీసుకుపోయేది పార్వో. 1978లో ఈ వైరస్ ప్రపంచానికి తెలిసింది. పిల్లులకు వచ్చే ఒక వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. రెండేళ్లలో ఖండాలన్నీ చుట్టింది, 1980ల మొదట్లోనే భారతదేశంలోనూ కనిపించింది. అంటే మన తాతల కాలంలో ఈ జబ్బు లేదు. అప్పటి నాటువైద్యంలో దీనికి మందు వెతకడం వృథా. వైరస్ లోపలికి పోయిన నాలుగైదు రోజులకు పిల్ల తిండి మానేస్తుంది, ముడుచుకుని పడుకుంటుంది, వాంతులు మొదలవుతాయి. తర్వాత దుర్గంధంతో నెత్తురు విరేచనాలు. పేగు లోపలి పొర రోజూ కొత్త కణాలతో పుట్టుకొస్తూ ఉంటుంది. పార్వోకు అలా చీలుతున్న కణాలే కావాలి. ఎదిగే పిల్లలో అవి ఎక్కువ, అందుకే పిల్లలనే పట్టుకుంటుంది. కొత్త పొర రాక పేగు గోడ బోసిపోతుంది, పేగులోని సూక్ష్మజీవులు నెత్తురులోకి దాటుతాయి. ఎముక మూలుగనూ వైరస్ దెబ్బ తీయడంతో వాటిని అడ్డుకునే తెల్లకణాలూ తగ్గిపోతాయి. వైద్యం అందకపోతే పదింట తొమ్మిది దాకా చనిపోవచ్చు. వేళకు సెలైన్, వాంతులు ఆపే మందు, సూక్ష్మజీవులను ఆపే మందు అందితే ఎక్కువ భాగం బతుకుతాయి. సాధారణంగా వాడే ఈ మందుల్లో ఏదీ వైరస్‌ను చంపదు. పిల్ల ఒళ్లు దానితో పోరాడి గెలిచేదాకా, ఐదు నుంచి ఏడు రోజులు, నీళ్లూ బలమూ నిలబెట్టడమే చికిత్స.

అన్ని విరేచనాలూ పార్వో కావు. ఎక్కువ భాగం తిండి మార్పో, పురుగులో. పిల్ల ఆడుతూ తిరుగుతూ రెండు మూడుసార్లు పలచగా పోతే ఇంట్లో చూసుకోవచ్చు. నెత్తురు పడితే, తాగిన నీళ్లు కూడా కక్కేస్తే, పిలిచినా తల ఎత్తకపోతే, చిగుళ్లు తెల్లబడితే, పొట్ట బిగుసుకుంటే తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. ఎనిమిది వారాల లోపు పిల్లకైతే ఈ గుర్తుల కోసం కూడా ఎదురుచూడకూడదు.

ఇంట్లో చేయగల వైద్యంలో అన్నిటికంటే విలువైనది మెడికల్ షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొడి. దాని వెనుక పెద్ద కథ ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల్లో కలరా పాకింది. బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శిబిరంలో సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టించి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. 2023లో, ఆయన చనిపోయిన మరుసటి ఏడాది, దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఆ నీళ్ల కీలకం చాలా చిన్నది: పేగు గోడలో గ్లూకోజ్, ఉప్పు జంటగానే ఒక తలుపులోంచి లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లూ పోతాయి. మనిషి పేగులో ఉన్న ఆ తలుపు కుక్కపిల్ల పేగులోనూ ఉంది. శరణార్థి శిబిరంలో బిడ్డలను బతికించిన ఉపాయం పల్లె వాకిట్లో వాడ పిల్లకూ పనికొస్తుంది.

ప్యాకెట్ మీద ఉన్నంత నీళ్లలోనే పొడి కలపాలి. చిక్కగా కలిపితే మేలు జరగదు, విరేచనం పెరుగుతుంది. వాంతి అయితే గంటసేపు ఏమీ ఇవ్వకుండా ఆగి, తర్వాత పావుగంటకొక చెంచా చొప్పున నాకించాలి. గిన్నెడు ఒక్కసారే పెడితే దాహంతో గటగటా తాగి మొత్తం కక్కేస్తుంది. స్పృహ సరిగా లేని పిల్ల నోరు తెరిచి పోయకూడదు. చల్లబడి, తూలుతున్న పిల్ల చిగుళ్లకు తేనెనో చక్కెర నీళ్లనో రాసి, వెచ్చగా చుట్టి వెంటనే బయల్దేరాలి.

తిండి విషయంలో పాత అలవాటు రోజంతా పస్తు పెట్టడం. పసిపిల్లకు అది పనికిరాదు. పార్వోలో కూడా వీలైనంత త్వరగా కొద్ది కొద్దిగా తిండి మొదలుపెడితే పేగు తొందరగా మానుతుందని ఇటీవలి దశాబ్దాల పశువైద్యం చెబుతున్నది. మెత్తగా ఉడికించిన అన్నం, ఎముక లేని ఉడికించిన కోడిమాంసం చాలు. ఉప్పు, కారం, నూనె వద్దు. రోజుకు ఐదారుసార్లు పిడికెడు చొప్పున పెట్టాలి. కుక్కకు అన్నం ఏమిటన్న సందేహం అక్కర్లేదు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులుంటే కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నట్టు 2013లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. వేల ఏళ్లు మనిషి గడప దగ్గర గంజీ గట్కా తిని బతికిన జాతి ఒంటిమీది రాత అది. ఆ శక్తి పిల్లకు వయసుతో పాటు పెరుగుతుంది కాబట్టి మొదట్లో కొంచెమే పెట్టాలి.

మనుషుల గోళీలు వేయకూడదు. పారాసిటమాల్ కాలేయాన్ని, డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ కడుపు పొరనూ మూత్రపిండాలనూ పాడుచేస్తాయి. మోషన్లు ఆపే గోళీ విషాన్నీ వైరస్‌నూ లోపలే బిగబట్టవచ్చు. మండల పశువుల దవాఖానలో డాక్టర్ ఎక్కువగా బర్రెలను, మేకలను చూసినా కుక్కపిల్లకు సెలైన్ పెట్టడం ఆయనకు తెలిసిన పనే. పెద్ద జబ్బుకు జగిత్యాల మీదుగా కోరుట్ల పోవచ్చు. అక్కడ పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఉంది. ఒక గ్రామీణ ప్రాంతానికి ఇంత దగ్గరలో పశువైద్య కళాశాల ఉండటం తక్కువ అదృష్టం కాదు.

పిల్లను ముట్టుకునే చేతుల గురించి కూడా చెప్పాలి. ఏలికపాము గుడ్లు మట్టిలో రెండు మూడు వారాల్లో ముదిరి, వాకిట్లో ఆడే చిన్నారుల నోట్లోకి పోతే కంటికీ కాలేయానికీ చేటు చేస్తాయి. మలం ఏ రోజుది ఆ రోజే ఎత్తి పాతిపెట్టాలి, చేతులు సబ్బుతో కడగాలి. చొంగ కారుస్తూ, గొంతు మారి, మింగలేకపోతున్న పిల్లకు బొక్క ఇరుక్కుందని నోట్లో వేలు పెట్టవద్దు, అది రేబిస్ కావచ్చు. గీరినా కరిచినా పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, అదే రోజు దవాఖానలో టీకా వేయించుకోవాలి.

పార్వో వచ్చి తగ్గిన ఇంట్లోంచి వైరస్ వెంటనే పోదు. ఫినాయిల్‌కు అది చావదు, సాన్పి చల్లినా చావదు. గచ్చు మీద, గిన్నెల మీద ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్ఫై వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచితే చస్తుంది. మట్టి వాకిట్లో ఆ పని సాగదు. నీడపట్టున, తడి మట్టిలో అది నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా ఉంటుంది.

దీనికి అసలైన అడ్డు టీకా. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది వేయించి, మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాల వయసు దాకా కొనసాగించాలి. తల్లిపాలతో వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకా సరిగా అంటదు. ఆ రక్షణ ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో బయటికి తెలియదు. అందుకే ఒక్కటి వేయించి ఊరుకుంటే సరిపోదు. మూడు నెలల వయసులో రేబిస్ టీకా. ఈ తేదీలు రాసుకోవడానికి గోడ మీది క్యాలెండర్ చాలు. వాడలో ఏదో ఒక ఇల్లు ఆ క్యాలెండర్ బాధ్యత తీసుకుంటే మిగిలిన ఇళ్లు అన్నం పెట్టుకోవచ్చు. పార్వోతో పిల్ల పోయిన వాకిట్లోకి ఏడాది తిరిగేదాకా టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను తీసుకురావద్దు.